కెలవరపల్లి నీళ్ళలో పారేసిన మాత్రలు

మా ఆయన శ్రీనివాసమూర్తి యోగా మాస్టరు. హోసూరులో మా బావగారి కిరాణా కొట్టు పైన, మేడ హాల్లో మా క్లాసులు. పొద్దున్న ఐదున్నరకు మగవాళ్ళ బ్యాచి ఆయనది, ఏడింటికి ఆడవాళ్ళ బ్యాచి నాది. కింద ఎండుమిరపకాయల మూట విప్పారంటే చాలు, పైన ప్రాణాయామం చేసేవాళ్ళంతా ఒకటే తుమ్ములు. "లోపల ఉండే మలినం బయటికి పోతా ఉండాది, పోనీండి" అనేవారు మా ఆయన. జనం సంతోషంగా తుమ్మేవారు. పందిని నంది అని నమ్మించగల గొంతు ఆయనది.

నేను టీచరునెలా అయ్యానంటే చెప్పడానికి గట్టిగా నాలుగు మాటలుండవు. ఆడవాళ్ళు మగ మాస్టరు ముందు కాళ్ళు చాపడానికి సిగ్గుపడ్డారు. ఇంట్లో నేనున్నాను. వంగితే లేవలేని నా నడుమును ఆరు నెలలు ఆయన వంచారు, ఆ తర్వాత నేను ఊళ్ళోవాళ్ళ నడుములు వంచాను. ఇంతే నా కథ. ఈ కథ వినడానికి ఎవరూ మేడ మెట్లెక్కరు.

ఎక్కేది ఆయన కథ కోసం. కొత్త బ్యాచి మొదలయ్యే ఆదివారం ఆడా మగా అందరినీ కూర్చోబెట్టి, తను ఈ దారికి ఎలా వచ్చారో చెప్పడం మా పద్ధతి. మా ఒక్కరిదే కాదు, కృష్ణగిరి దగ్గర ఆయన నేర్చుకున్న శిబిరంలోంచి వచ్చిన మాస్టర్లందరిదీ అదే. ఆసనాలు రెండో రోజు నుంచి. మొదటి రోజు 'అనుభవం'. ఒకాయనకు మోకాళ్ళ నొప్పులు పోయి ఉంటాయి, ఒకాయనకు తాగుడు పోయి ఉంటుంది, ఇంకొకాయనకు ఉబ్బసం. ఏ జబ్బూ లేకుండా మాస్టరైన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు, నన్ను తప్ప. ఆసనం ఒళ్ళు వంచుతుంది, అనుభవం మనసు వంచుతుంది అని శిబిరంలో పెద్ద గురువు చెప్పేవాడట.

మా ఆయన అసలు కథ ఇది. మా పెళ్ళయిన కొత్తలో ఆయన ఊరి పక్క ఫ్యాక్టరీల పేట సిప్కాటులో ఒక స్పేరుపార్టుల కంపెనీలో ప్రెస్సు మిషను మీద పని చేసేవారు. కొట్టు అన్నగారిది, తనకు కొట్టు వద్దని ఐటీఐ చదివి కంపెనీకి పోయారు. మూడో ఏట మిషను దగ్గరే ఫిట్సు వచ్చి పడ్డారు. నేను పోయేసరికి గేటు పక్కన నేల మీద పడుకోబెట్టి ఉన్నారు. ఎడమచేతిలో ఎవరో తాళాల గుత్తి పెట్టారు, ఇనుము పట్టుకుంటే ఆగుతుందని. కుడిచేతికి గుడ్డ చుట్టారు. ఆ గుడ్డ లోపల రెండు వేళ్ళు లేవు.

ఆ తర్వాత నెలకు రెండు మూడుసార్లు వచ్చేవి. కంపెనీ వద్దంది. బెంగుళూరులో ఒక డాక్టరు మాత్రలు రాసిచ్చాడు, జన్మంతా వేసుకోవాల్సి రావచ్చు అన్నాడు. నిద్ర పట్టక, నలుగురిలోకి రాలేక నలిగిపోతున్న మనిషిని అదే రోజుల్లో ఎవరో కృష్ణగిరి శిబిరానికి తీసుకుపోయారు. నాలుగు నెలలకు ఫిట్సు ఆగిపోయాయి. మాత్రల వల్ల ఆగాయని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఒకసారి కోలారులో పెళ్ళికి పోయి రెండు రోజులు మాత్రలు మరిచిపోతే పందిట్లో ఏం జరిగిందో ఇద్దరమూ మరిచిపోలేదు. యోగా ఏమీ చెయ్యలేదని నేననను. మనిషికి నిద్ర పట్టింది. భయం తగ్గింది. పదిమంది ముందు ఆ చెయ్యి చూపించి మాట్లాడే ధైర్యం వచ్చింది. అదేమైనా తక్కువ సంగతా? ఆ మాట చెప్పి ఊరుకుని ఉంటే మేము ఈ పొద్దు తలెత్తుకుని తిరిగేవాళ్ళం.

మొదటి బ్యాచిలో ఆయన ఉన్నది ఉన్నట్టే చెప్పారు. మాత్రలూ వేసుకుంటున్నాను, యోగా కూడా చేస్తున్నాను అన్నారు. ఆంజప్ప అని మత్తూరు నుంచి వచ్చిన ఒకాయన లేచి, "మాత్రలు మింగేదానికైతే డాక్టరు ఉండాడు గదప్పా, మధ్యలో నువ్వెందుకు?" అని పంచె దులుపుకుని వెళ్ళిపోయాడు. అతని వెంట సగం మంది పోయారు. ఆ దెబ్బ మా ఆయన మరిచిపోలేదు. రెండో ఏటికి 'మాత్రలు మెల్లగా తగ్గించాను' అయింది. నాలుగో ఏటికి 'మాత్రల అవసరం లేకపోయింది' అయింది. ఆ తర్వాత ఒక ఆదివారం కృష్ణగిరిలో మూడొందల మంది ముందు, "కెలవరపల్లి డ్యాము కట్ట మీద నిలబడి, ఉండే మాత్రలన్నీ తెన్‌పెన్నై ఏటి నీళ్ళలో పారేసినాను. ఆ దినం నుంచి ఈ దినం దాకా నా నోట్లో మాత్ర పడలేదు" అన్నారు. ఆడవాళ్ళు కొంగులు కళ్ళకద్దుకున్నారు.

ఆ రోజు బస్సులో తిరిగి వస్తూ నేను అడిగాను. "ఏమండీ, ఆ డ్యాములో నురుగు చూసినారా, సబ్బు నీళ్ళ మాదిరి తేలుతా ఉండాదే, అందులో వేస్తే మాత్రలకే జబ్బు చేస్తుంది గదా?" ఆయన పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

వినేవాడు వెర్రివాడైతే అరవంలో హరికథ చెప్పాడట. మా ఊళ్ళో ఆ సామెత చెల్లదు, ఇక్కడ అరవం రానివాడు లేడు. ఆయన అదే కథను తెలుగులో మొదలుపెట్టి, అరవంలో ఏడిపించి, కన్నడంలో ముగించేవారు. చెప్పీ చెప్పీ ఆయనకే అది నిజమనిపించడం మొదలైంది. కాఫీతో పాటు నేను చేతిలో పెట్టే మాత్రను ఆయన నా ముఖం చూడకుండా మింగేవారు, అది ఎవరో ఇంకొకరి మాత్ర అయినట్టు. హోసూరు మందుల షాపుల్లో మమ్మల్ని ఎరగనివాళ్ళు లేరు. అందుకని నెలకోసారి నేనే బస్సెక్కి కృష్ణగిరి పోయి, తెలిసిన ముఖం లేని షాపు చూసుకుని తెచ్చేదాన్ని. ఇంటికి ఎవరొచ్చినా కంటబడకుండా అప్పడాల డబ్బాలో దాచేదాన్ని. తిలాపాపం తలా పిడికెడు అంటారు. నా పిడికిలి చిన్నదేమీ కాదు.

పోయిన ఏడాది జూన్‌లో మునిలక్ష్మమ్మ మా క్లాసుకు వచ్చింది. కెలవరపల్లి పక్కన రోజా తోట వాళ్ళది. భర్త హనుమంతప్ప తోట చూసుకుంటాడు, కూతురు సౌందర్య సెల్‌ఫోను భాగాలు చేసే కంపెనీలో లైను మీద పని చేస్తుంది. ఇరవై రెండేళ్ళ పిల్ల. ఏడో క్లాసు నుంచి ఫిట్సు. మాత్రలతో అదుపులోనే ఉన్నాయి, కానీ ఆ మాత్రలకు ఎప్పుడూ మగతగా ఉండేది. లైను మీద కునికిందని సూపర్‌వైజరు రెండుసార్లు వార్నింగు ఇచ్చాడు. మూడోసారి అయితే ఇంటికే. ఆ పిల్లకు ఆ ఉద్యోగమంటే ప్రాణం. కంపెనీ బస్సు తోట దగ్గర ఆగితే పరిగెత్తి ఎక్కేదట.

మొదటి ఆదివారం తల్లీకూతుళ్ళు ముందు వరసలో కూర్చున్నారు. మా ఆయన వేళ్ళు లేని చెయ్యి పైకెత్తి చూపించారు. తాళాల గుత్తి సంగతి చెప్పారు. డ్యాము కట్ట మీదికి వచ్చేసరికి సౌందర్య నోరు కొంచెం తెరుచుకుని, రెప్ప వెయ్యకుండా వింటోంది. తనలాంటి జబ్బు ఉన్న మనిషిని ఆ పిల్ల అంతవరకు చూసి ఎరగదు. జబ్బు పోయిన మనిషిని అసలే చూడలేదు.

క్లాసు అయ్యాక మెట్ల మీద మునిలక్ష్మమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"టీచరమ్మా, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దండి. మాస్టరు నిజంగానే మాత్రలు విడిచిపెట్టినారా? మీరు ఇంట్లో ఉండేవాళ్ళు. మీకు తెలియకుండా ఉండదు."

ఆమె వెనక రెండు మెట్ల పైన సౌందర్య నిలబడి ఉంది. ఇంకా పైన మా ఆయన ఎవరితోనో మాట్లాడుతూ దిగుతున్నారు. ఆయన చెప్పుల చప్పుడు నాకు వినిపిస్తోంది. లేదమ్మా అంటే ఒక్క మాట. వచ్చే పోయేవాళ్ళు మెట్ల మీద ఆగుతారు. సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. పదిహేడేళ్ళ పేరు గంటలో పోతుంది. ఇవన్నీ నా తలలో తిరిగాయి, ఆ పిల్ల మాత్రం తిరగలేదు.

"ఆయన చెప్పింది విన్నావు గదమ్మా" అన్నాను.

అబద్ధం చెప్పలేదు, చూడండి. ఎంత జాగ్రత్తగా అన్నానో. నేను అబద్ధం చెప్పలేదని ఆ తర్వాత ఎన్ని నెలలు నాకు నేను చెప్పుకున్నానో. "చాలు తల్లీ, మీ నోటి మాట విన్నాను" అని మునిలక్ష్మమ్మ నా చేతిని కళ్ళకద్దుకుంది.

రెండు వారాలకు సౌందర్య ముఖంలో కళ వచ్చింది. కళ్ళు తేటగా ఉన్నాయి. సూర్య నమస్కారాలు పన్నెండు చేసినా అలిసిపోవడం లేదు. ఒకరోజు ఆ తల్లి బుట్టెడు ఎర్ర రోజాలు తెచ్చి హాలు గుమ్మంలో పెట్టింది.

"మాస్టరు వేసిన చోటే వేసినాము టీచరమ్మా. మాకు డ్యాము కట్ట ఎంత దూరం, నడిచిపోతే పది నిమిషాలు. పాప చేత్తోనే వేయించినాను. పదిహేను దినాలు అయిపోయింది, ఒక్కసారి గూడా రాలేదు. లైను మీద గూడా కునకడం లేదంట."

ఆ రోజాలు తీసుకుని లోపలికి పోయి మా ఆయన ముందు పెట్టాను. "వాళ్ళు నిజంగానే పారేసినారండీ. ఇప్పుడే పోయి చెప్పండి. డాక్టరు దగ్గరికి పొమ్మని చెప్పండి" అన్నాను.

ఆయన ఒక పువ్వు తీసి అటూ ఇటూ తిప్పారు. "పదిహేను దినాలు రాలేదన్నారు గదా" అన్నారు. "వయసులో ఉండే పిల్ల. నిజంగానే నయమైందేమో జ్ఞానా. నా మాదిరే అందరికీ ఉంటుందా?"

నయమైందేమో. ఆ మాట నాకు ఎంత హాయిగా వినిపించిందో చెప్పలేను. అమ్మయ్య, అని ఊపిరి వదిలి, రోజాలను నీళ్ళలో పెట్టాను. ఆ రోజు తర్వాత సౌందర్య ఇంకా మూడు వారాలు బతికింది. ఆ మూడు వారాల్లో పదిసార్లయినా నా ఎదురుగా చాప పరుచుకుని కూర్చుంది. నడుము నిటారుగా పెట్టు, గడ్డం దించు, ఊపిరి మెల్లగా వదులు అని నేను చెప్పాను. చెప్పాల్సిన మాట తప్ప అన్నీ చెప్పాను.

జూలై ఆఖర్లో నాలుగు రోజులు ఆ పిల్ల రాలేదు. నెలసరి రోజుల్లో ఆడవాళ్ళు ఆసనాలు వేయకూడదని మా దగ్గర పద్ధతి. నేను పెట్టిందే. ఐదో రోజు కంపెనీకి సెలవు. తలంటు పోసుకోవడానికి స్నానాల గదిలోకి పోయిన పిల్ల నీళ్ళ తొట్టి పక్కన పడిపోయింది. ఫిట్సు ఆగలేదు. ఒకటి అయ్యేలోగా ఇంకొకటి. హోసూరు తీసుకొచ్చారు, అక్కడి నుంచి కృష్ణగిరి పంపారు. రెండు రోజులు ఉంది. మూడో రోజు పొద్దున్నే పోయింది.

మేమిద్దరం కెలవరపల్లి పోయాం. అప్పటికే మట్టి చేసి వచ్చేశారు. హనుమంతప్ప తోటలో ఉన్నాడు, కోతకొచ్చిన పువ్వులు కోసేవాళ్ళు లేక రేకులు రాల్చేస్తున్నాయి. మా ఆయనను చూసి చేతులు జోడించాడు. లోపల మునిలక్ష్మమ్మ గోడకానుకుని కూర్చుంది. నేను పక్కన కూర్చోగానే నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"నాలుగు దినాలు తప్పిపోయె టీచరమ్మా. ఆ నాలుగు దినాలకే వచ్చేసింది. పాప చేస్తానమ్మా, ఇంట్లోనే చేస్తానమ్మా అనింది. నేనే వద్దంటిని. మైలలో చేస్తే తప్పు అంటిని. నేనే చంపుకున్నాను."

నేను ఆమెను పట్టుకుని ఏడ్చాను. ఆ ఏడుపు నిజమైనదే. ఆ ఏడుపులో ఒక మూల, ఆమె మమ్మల్ని అనలేదు, తననే అనుకుంటోంది అన్న నెమ్మది కూడా ఉంది. అంత నీచమైన నెమ్మది ఒకటి మనిషిలో ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

తిరిగి వచ్చాక ఇంట్లో గొడవ పడ్డాం. చెప్పాల్సిందే అన్నాను నేను. మా ఆయన కోపంగా లేచారు.

"నేను ఎవరినీ మాత్రలు మానేయమని చెప్పలేదు. నా అనుభవం చెప్పినాను, అంతే. చెవులుండేవాళ్ళు వినినారు."

"మీ అనుభవమా అది? పొద్దున్న మీరు మింగింది ఏంది?"

ఆయన గొంతు తగ్గింది. "ఇప్పుడు చెప్తే ఆమెకేమైనా మేలా చెప్పు. బిడ్డ పోయింది. నాలుగు దినాలు తప్పిపోయె అని ఏడుస్తా ఉండాది, ఏడవనీ. తన చేతులతో పారేయించింది అబద్ధాన్ని నమ్మి అని తెలిస్తే ఆ మనిషి బతుకుతుందా? మన మనసు బరువు దించుకునేదానికి ఆమె నెత్తిన రాయి వెయ్యాలా? సుమ్మనే ఉండు జ్ఞానా."

తన కోసం ఆయన అన్న మాటే అది. అయినా అందులో నిజం లేకపోలేదు. అందుకే నోటికి తాళం వేసుకున్నాను. మనకు పనికొచ్చే నిజాలు ఎంత తొందరగా తలకెక్కుతాయో.

కర్మ అయ్యాక నెలలోపే మునిలక్ష్మమ్మ మళ్ళీ మెట్లెక్కి వచ్చింది. "పాప తప్పించిన నాలుగు దినాలూ నేను చేసి పెడతాను" అంది. చేసింది. నాలుగు రోజులయ్యాక కూడా మానలేదు. ఆఖరి వరసలో గోడ పక్కన చాప వేసుకుని, మోకాళ్ళు వంగకపోయినా పళ్ళు బిగించి వంచేది. ఎవరైనా రెండు రోజులు రాకపోతే వాళ్ళ ఇంటికే పోయి కూర్చునేది. "ఒక్క దినం గూడా తప్పియ్యొద్దమ్మా. తప్పిస్తే ఏమవుతుందో నన్ను చూడు" అనేది. క్లాసులో హాజరు పెరిగింది. మా ఆయన ఆమె ముఖం చూడలేక, ఆడవాళ్ళ బ్యాచి టైముకు కిందికి దిగి కొట్టులో కూర్చునేవారు.

ఈ జనవరిలో కొత్త బ్యాచి. ఐదు నెలలుగా ఆయన అనుభవం చెప్పకుండా ఏదో ఒక సాకుతో దాటేశారు. కానీ ఆ ఆదివారం హాలు నిండిపోయింది. జవళగిరి నుంచి కలైసెల్వి అనే ఆమె భర్త మారియప్పను తీసుకొచ్చింది. మనిషి మినీ లారీ తోలుతాడు, టమేటాలు, క్యాబేజీ బెంగుళూరు మార్కెట్టుకు వేస్తాడు. ఆరు నెలలుగా ఫిట్సు. మాత్రలతో ఆగాయి, కానీ స్టీరింగు ముందు కళ్ళు మూతలు పడుతున్నాయట.

"మాస్టరూ, మీ సంగతి చుట్టుపక్కలంతా చెప్పుకుంటా ఉండారు" అంది కలైసెల్వి. "బండి తోలకపోతే మాకు వేరే దారి లేదు. మాత్రలు మాన్పించేదానికి మీ దగ్గరికే వచ్చినాము. ఆ డ్యాము సంగతి ఈయనకు మీ నోటితో ఒకసారి చెప్పండి."

మా ఆయన నా వైపు చూశారు. నేను తల అడ్డంగా ఊపాను. హాల్లో అరవై మంది ఎదురుచూస్తున్నారు. ఆయన గొంతు సవరించుకుని, "యోగా వల్ల మనసుకు శాంతి వస్తుంది, అది ముఖ్యం" అని ఏదో నసిగారు. డ్యాము మాట ఎత్తలేదు. కాదనీ అనలేదు. అలా దాటిపోతుందనే అనుకున్నారు, నేనూ అనుకున్నాను.

అప్పుడు వెనక గోడ పక్క నుంచి మునిలక్ష్మమ్మ లేచింది.

"మాస్టరు మొగమాటపడతా ఉండారు, నేను చెప్తానప్పా" అంది మారియప్ప వైపు తిరిగి. "మా పాపకూ నీ జబ్బే. మాస్టరు పారేసిన చోటే మాత్రలు పారేస్తిమి. ఐదు వారాలు బంగారం మాదిరి ఉండింది. బస్సు ఎక్కి పనికి పోయి వచ్చె. నాలుగు దినాలు యోగా తప్పిస్తిమి, పోయింది. తప్పు మాస్టరుది కాదు, యోగాది కాదు, నాది. నువ్వు ధైర్యంగా మాత్రలు పారేయప్పా. ఒక్క దినం మాత్రం తప్పియ్యొద్దు. నేను వచ్చి చూసుకుంటా, జవళగిరి అయినా సరే, బస్సెక్కి వచ్చి చేయిస్తా."

మారియప్ప రెండు చేతులూ జోడించి ఆమెకు దండం పెట్టాడు. కలైసెల్వి కళ్ళు తుడుచుకుంది. సరేనమ్మా అన్నాడు మారియప్ప.

చచ్చిన పిల్ల కూడా ఇప్పుడు మా ఆయన కథలో చేరిపోయింది. కన్నతల్లే తెచ్చి చేర్చింది. ఈ మనిషి లారీ తోలుకుంటూ బెంగుళూరు రోడ్డు మీదికి పోతాడు. ఎదురుగా స్కూలు బస్సులు వస్తుంటాయి. నేను చెప్తే ఈమె ఇక్కడే, ఇంతమందిలో వింటుంది. చెప్పకపోతే ఇంకొకరిని తన చేతులతో సాగనంపుతుంది. ఈమెకు తెలియకుండా అతన్ని కాపాడే దారి ఏదైనా ఉందా అని వెతికాను. లేదు. ఏడు నెలల కిందట ఉండేది, మెట్ల మీద.

లేచి నిలబడ్డాను.

"మారియప్పా, మాత్రలు మానొద్దు" అన్నాను. "మా ఆయన మానలేదు. డ్యాములో పారేసినాను అనింది నిజం కాదు. పదిహేడేళ్ళుగా దినమూ వేసుకుంటానే ఉండారు. నిద్ర వస్తా ఉంటే డాక్టరుకు చెప్పి మందు మార్పించుకో. అంతవరకు బండి ఎక్కొద్దు."

కింద కొట్టులో బావగారు ఎవరితోనో బేరమాడుతున్న మాటలు స్పష్టంగా వినిపించాయి. మారియప్ప మా ఆయన వైపు తిరిగి, "నిజమా మాస్టరూ?" అన్నాడు.

ఆయన తలుచుకుంటే ఇంకా నమ్మించగలరు. మా ఆడమనిషికి ఈ మధ్య మనసు బాగాలేదు అని ఒక్క మాట అంటే అరవై మందీ నా వైపు జాలిగా చూసేవారు. ఆయన అలా అంటారనే నేను భయపడ్డాను. అనలేదు. తల వంచుకుని, "నిజమే" అన్నారు. ఇన్నేళ్ళలో ఆయన గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

ఎవరో లేచి వెళ్ళిపోయారు. ఇంకెవరో తిట్టారు. కలైసెల్వి భర్త చెయ్యి పట్టుకుని లేపింది. అవేవీ నాకు పట్టలేదు. నేను మునిలక్ష్మమ్మనే చూస్తున్నాను. ఆమె లేచిన చోటే నిలబడి ఉంది. అర్థం కానట్టు, ఎవరో కొత్త మనిషిని చూస్తున్నట్టు నన్ను చూస్తోంది. నేను ఆమె దగ్గరికి పోయాను.

"ఇప్పుడు గూడా వేసుకుంటా ఉండారా?" అని అడిగింది.

"వేసుకుంటా ఉండారు."

"ఈ పొద్దు?"

"ఈ పొద్దు కాఫీతో నేనే ఇచ్చినాను."

"మెట్ల మీద నిన్ను అడిగితినే. ఆ దినం?"

ఎప్పుడూ మీరు అనే మనిషి. నేను కళ్ళు దించుకోకూడదనుకున్నాను, దించుకున్నాను.

"ఆ దినమూ ఇచ్చినాను."

తిడుతుందనుకున్నాను. జుట్టు పట్టుకుంటుందనుకున్నాను, పట్టుకోనీ అనుకున్నాను. ఆమె మాత్రం ఇంకా ఏదో తెలుసుకోవాల్సింది మిగిలినట్టు పెదవులు కదిలించింది.

"దినానికి ఎన్ని?"

"రెండు. పొద్దున్న ఒకటి, రాత్రి ఒకటి."

"మా పాపకూ రెండే గదమ్మా" అంది మునిలక్ష్మమ్మ.

మెల్లగా గోడ పట్టుకుని చాప మీద కూర్చుంది. నా వైపు చూడలేదు. రెండే గదా, రెండే గదా అని తనలో తను అనుకుంటూనే ఉంది, హాలు ఖాళీ అయి, కబురు తెలిసి హనుమంతప్ప వచ్చి ఆమెను లేపి తీసుకుపోయేదాకా.